కాల్పులు ఆగాయి, పెద్దమ్మా

ఆమెకు ఈ లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. పాపను ఎవరి చేతుల్లోనో పెట్టి పనికి పోయి, తిరిగి వచ్చేసరికి ఆ చేతులు ఖాళీగా ఉంటాయేమోనని.

పాముకు భయపడేవాళ్లుంటారు, చీకటికి భయపడేవాళ్లుంటారు, అత్తగారి నోటికి భయపడేవాళ్లకైతే లెక్కే లేదు. ఆమె వీటిలో దేన్నీ ఖాతరు చేసే మనిషి కాదు. కానీ బట్టలు ఉతుకుతున్నా, తల దువ్వుకుంటున్నా, లాంచీలో కూర్చుని నీళ్ల వైపు చూస్తున్నా ఆ ఖాళీ చేతులు వచ్చి కళ్ల ముందు నిలబడేవి. అవి ఎవరి చేతులో తెలిసేది కాదు. ఒకసారి భర్తతో చెప్పుకుంది. పనీపాటా లేనివాళ్లకే ఇలాంటి ఆలోచనలు వస్తాయని నవ్వేసి అతను అటు తిరిగి పడుకున్నాడు. పనీపాటా లేని మనిషట! పొద్దున లేచింది మొదలు నడుము ఎత్తే తీరిక లేక, పాపకు పాలిస్తూనే కునుకు తీసే మనిషి.

ఆమె పని కోటలో. ఒడ్డు నుంచి చూస్తే ఆ దీవి నీళ్ల మధ్య బోర్లించిన మూకుడులా ఉంటుంది, దాని నెత్తి మీద కోట. లాంచీ ఎక్కితే నాలుగు కబుర్లు చెప్పుకునేంతలో చేరిపోవచ్చు. ఆ లాంచీ నడిపేది ఆమె భర్తే. ఒకప్పుడు శత్రువులు ఆ కోటను ముట్టడించి, లోపలివాళ్లను ఆకలికీ జ్వరాలకూ వదిలేశారట. ఆ ముట్టడి ఏడాది ఎలా గడిచిందో వచ్చినవాళ్లకు కళ్లకు కట్టినట్టు చూపించడమే ఇప్పుడు అక్కడివాళ్ల ఉద్యోగం. ఒకడు కొలిమి ఊదుతాడు, ఒకడు తుపాకీ తుడుస్తాడు, కొందరు ఫిరంగి పేలుస్తారు. అందరికీ ఆ కాలపు బట్టలే, ఆ కాలపు మాటలే.

ఆమెది బట్టలుతికే మనిషి వేషం. పెద్ద కాగులో నీళ్లు మరిగించి, బూడిద తేటలో సిపాయిల చొక్కాలు ఉడకబెట్టి, తెడ్డుతో తిప్పి, రాతి మీద బాది చూపించాలి. కొవ్వూ బూడిద నీళ్లూ కలిపి సబ్బు ఎలా చేసేవారో చెప్పాలి. అందుకే కోటలో అందరూ ఆమెను సబ్బులపిల్ల అనేవారు. పెళ్లయి ఒక పిల్లను కన్నా ఆ పిలుపు మాత్రం వదల్లేదు.

చూడటానికి వచ్చేవాళ్లలో రకరకాల మనుషులు. భగభగ మండే పొయ్యి ముందు నిలబడి ఇది నిజం నిప్పేనా అని అడిగేవాళ్లు ఉంటారు. చెయ్యి పెట్టి చూడండి అని నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయేది ఆమెకు. ఒకాయన ఆమె చంకలోని పాపను ఎగాదిగా చూసి, ఇది నిజం పిల్లా, బొమ్మా అన్నాడు. జవాబు పాపే చెప్పింది, ఆయన కళ్లజోడు లాగి కింద పడేసి.

ఈ వ్యవహారమంతా నడిపే మేనేజరుది కెప్టెన్ వేషం. అందరూ కెప్టెన్ గారూ, కెప్టెన్ గారూ అని పిలిచీ పిలిచీ, ఆయన కూరగాయల బజారులో కూడా ఆ పిలుపుకే పలికేవాడు. జిగురుతో అంటించుకున్న మీసం ఎండ ముదిరితే ఒక పక్క ఊడి వేలాడేది. ఆ రోజుల్లో ఆయన అందరితోనూ మొహం ఓరగా పెట్టి మాట్లాడేవాడు. మంచివాడే. కాకపోతే ఏది చూసినా ప్రదర్శన బాగుందా లేదా అనే చూసేవాడు.

ఇక పెద్దమ్మ. కోటలో ఈ కార్యక్రమాలు మొదలైనప్పటి నుంచీ ఉన్న మనిషి. ఎవరికి ఏ వరసో ఎవరికీ తెలియదు, అందరికీ పెద్దమ్మే. ఆవిడ కోటలోని రోగుల గదికి పెద్ద. గోడ వారగా వరసగా మంచాలు, మట్టి కుండల్లో వేర్లూ ఆకులూ, చుట్టలు చుట్టిన కట్టుగుడ్డలు. గుమ్మానికి అడ్డంగా కట్టిన తాడుకు ఇవతల జనం నిలబడేవారు, అవతల పీట మీద కూర్చుని పెద్దమ్మ చెప్పేది.

"శత్రువుల ఫిరంగులు మోగితే చాలు, పసిపిల్లల్ని గంపల్లో పెట్టి నేలమాళిగలోకి దించేవాళ్లం. ఎక్కడ దించామో కన్నతల్లికి కూడా చెప్పేవాళ్లం కాదు. చెబితే ఆగుతుందా? పిల్ల ఏడుపు వినబడితే పరుగెత్తుకొస్తుంది, గుండు తగిలి పడిపోతుంది. కాల్పులు ఆగాయి, పిల్లల్ని పైకి తియ్యండి అని కెప్టెన్ గారి దగ్గర నుంచి కబురొస్తేనే నోరు విప్పేవాళ్లం."

అలా బతికించుకున్న పిల్లల్లో తన చిన్నది కూడా ఉందనీ, ఫిరంగులకు చిక్కని పిల్ల చివరికి జ్వరానికి చిక్కిందనీ, సాయం ఓడ రావడానికి ముందే పోయిందనీ చెప్పి ఆపేసేది. అంతే. ఏడుపు లేదు, రాగం లేదు. జనంలో గట్టి గుండెలవాళ్లు కూడా ముక్కులు చీదుకుంటూ బయటికి పోయేవారు. నిజానికి పెద్దమ్మకు పిల్లల్లేరు. పెళ్లయిన కొత్తలోనే భర్త పోయాడు. ఒడ్డున రేవు వెనక వలలు అల్లేవాళ్ల ఇంటి మేడ మీద ఒక్కతే ఉండేది.

సబ్బులపిల్లకు పని నేర్పింది ఆవిడే. తొమ్మిదో తరగతి సగంలో తండ్రి మంచాన పడితే బడి మానేసిన పిల్లకు నలుగురి ముందు నోరు విప్పాలంటే గొంతు పెగిలేది కాదు. పెద్దమ్మ ఒక్కొక్క మాటా అన్నం ముద్దల్లా నోట్లో పెట్టినట్టు పెట్టి పలికించింది. రెండు నియమాలు చెప్పింది. వేషం కట్టాక బయటి లోకపు మాట నోటికి రాకూడదు, ఎవరైనా ఫోను చూపించి ఇదేమిటి అంటే తెలియదనే చెప్పాలి. అయితే ఎవరికైనా నిజంగా ప్రమాదం వస్తే తలగుడ్డ తీసేయాలి. తలగుడ్డ తీసి మాట్లాడారంటే అది ఆట కాదని కోటలో అందరికీ తెలుస్తుంది, ఎక్కడి పని అక్కడ వదిలి వస్తారు. మొదటి నియమం విషయంలో పెద్దమ్మను మించినవాళ్లు లేరు. కుర్రకారు ఆవిడ ముందు ఫోనులు పెట్టి ఎంత కవ్వించినా, అద్దమా నాయనా ఇది అనేది తప్ప గీత దాటేది కాదు.

పాప పుట్టాక సబ్బులపిల్లకు దిక్కు తోచలేదు. తల్లి లేదు. అత్తగారు చేపల గిడ్డంగిలో పనికి పోతుంది. కాగు దగ్గర పాకే పిల్లను పెట్టుకుంటే ఒకటే వేడి నీళ్లు, ఒకటే ఆవిరి. పెద్దమ్మే, నా దగ్గర పడెయ్యవే అంది. రోగుల గది గోడలు అన్నిటికన్నా మందం, ఫిరంగికి అన్నిటికన్నా దూరం. పైగా ముట్టడిలో పిల్ల ఉన్న రోగుల గది అంటే కెప్టెన్ గారికి ప్రాణం లేచొచ్చింది. పాపకు కూడా ఆ కాలపు చొక్కా కుట్టించారు. అలా పాప కోట ఉద్యోగాల్లో చేరింది.

రోజూ పాపను పెద్దమ్మ ఒళ్లో పెట్టి కాగు దగ్గరికి పోయేటప్పుడు ఆమె మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసేది. మధ్యలో నీళ్ల వంకనో బూడిద వంకనో వచ్చి తొంగి చూసేది. చూసిన ప్రతిసారీ పాప హాయిగా ఉండేది. పెద్దమ్మ చేతుల్లో ఆ పిల్ల ఏడ్చిన గుర్తు లేదు. మళ్లీ వచ్చావా, నీ కూతురును ఎవరూ ఎత్తుకుపోలేదు పోవే అని పెద్దమ్మ కసిరేది. ఆమె సిగ్గుపడి వెళ్లిపోయేది.

ఆ వేసవిలో పెద్దమ్మలో ఏదో తేడా వచ్చింది. సాయంత్రం లాంచీ రేవుకు ఆనగానే, ఇది మన రేవేనా అని అడిగింది ఒకసారి. వయసు, అలసట అనుకుంది ఆమె. ఇంకోసారి వేషం బట్టలతోనే ఇంటికి బయలుదేరింది. మర్చిపోయానే అని నవ్వింది. మరొకసారి జనమంతా వెళ్లిపోయాక కూడా పీట మీద కూర్చుని కళ్లు తుడుచుకుంటోంది. ఎవరూ లేరు కదా పెద్దమ్మా, ఎందుకేడుస్తున్నావు అంటే, చిన్నది గుర్తొచ్చింది అంది. ఆ మాట అన్న తీరుకు ఆమెకు ఒళ్లు జలదరించింది. వెళ్లి కెప్టెన్ గారితో చెప్పింది. ఆయన మీసం సవరించుకుని, వేషంలో లీనమవడమంటే అదీ, నువ్వూ నేర్చుకో అన్నాడు.

ఆమె తిరిగి కాగు దగ్గరికి పోయింది. గాలి వీస్తే భయం, తలుపు చప్పుడైతే భయం, పాప ఎక్కువసేపు నిద్రపోతే భయం. రోజుకు పది భయాలు పడే మనిషికి అందులో ఏది నిజమో ఎలా తెలుస్తుంది? తన భయాన్ని తానే నమ్మడం మానేసింది. ఉద్యోగం పోతే ఇల్లు గడవదు. పాపను పెట్టడానికి ఇంకో చోటు లేదు. మర్నాడూ తీసుకెళ్లి అదే ఒళ్లో పెట్టింది.

ఏడాదికోసారి ముట్టడి రోజు ప్రదర్శన ఉంటుంది. మామూలు రోజుల్లో ఫిరంగి ఒక్కసారే పేలుతుంది, గుండు లేకుండా ఉత్త మందే. ఆ రోజు మాత్రం కోట మీద నుంచి వరసగా పేలుస్తారు, నీళ్ల మీద ఒక పడవలోంచి కూడా తిరిగి పేలుస్తారు. జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చారు. ఆమె భర్త లాంచీని పొద్దుటి నుంచి అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాడు. పాప చెవుల్లో దూది పెట్టు పెద్దమ్మా అని మరీ మరీ చెప్పి ఆమె కాగు దగ్గరికి పోయింది.

ఫిరంగులు మొదలయ్యాయి. నేల అదిరింది, కాగులో నీళ్లు వణికాయి, కోట గోడల మీద పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. ఆమె మాత్రం తెడ్డు తిప్పుతూ, బూడిద తేట గురించి చెబుతూ, మనసంతా రోగుల గదిలో పెట్టుకుని నిలబడింది. చివరి ఫిరంగి పేలి పొగ చెదరగానే చేతులు తుడుచుకుని వచ్చింది.

పెద్దమ్మ పీట మీద కూర్చుని కట్టుగుడ్డలు మడత పెడుతోంది. ఒడి ఖాళీ. మంచాలు ఖాళీ. తాడుకు ఇవతల జనం.

"పాప ఏది పెద్దమ్మా?"

పెద్దమ్మ తలెత్తి చూసింది. ఆ చూపులో కోపం లేదు, కంగారు లేదు, ఆమెను ఎరిగిన గుర్తు కూడా లేదు.

"ఏ పాప?"

"నా పాప. పొద్దున నీకే ఇచ్చాను కదా."

"మెల్లగా మాట్లాడమ్మా. లోపల జబ్బు మనుషులున్నారు."

జనం ముందు కనక వేషం విడవడం లేదేమో, అంతేనేమో అని ఒక్క క్షణం ఆశపడింది. చెయ్యి పైకెత్తి తలగుడ్డ పీకేసింది. జుట్టు ఊడి మొహం మీద పడింది. కోటలో ఏ మూల ఎవరు చూసినా పరుగున రావలసిన గుర్తు అది. ఆ గుర్తు ఆమెకు నేర్పిన మనిషి ఎదురుగానే ఉంది.

పెద్దమ్మ నొచ్చుకున్నట్టు మొహం పెట్టింది.

"తల కప్పుకో తల్లీ. కెప్టెన్ గారు చూస్తే ఏమనుకుంటారు?"

అప్పుడు తెలిసింది ఆమెకు. ఎప్పటి నుంచో తెలిసిందే, అప్పుడు ఒప్పుకుంది.

మంచాల కింద దూరి చూసింది. దుప్పట్లు లాగి పడేసింది. కుండల వెనక చూసింది. తాడు దగ్గరున్న జనం మర్యాదగా పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఇది ఆట కాదండీ, నా పాప నిజంగా కనిపించడం లేదు, ఎవరైనా చూశారా అని వాళ్లను బతిమాలింది. ఒకావిడ కళ్లు చెమర్చి తలూపింది. ఇంకొకాయన ఫోను ఎత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు. పాపం, ముట్టడిలో బిడ్డను పోగొట్టుకుందట, ఎంత సహజంగా చేస్తోందో చూడు అని ఎవరో తమ పిల్లలకు చెబుతున్నారు. కోట వాళ్లందరూ అవతలి కొసన ఫిరంగుల దగ్గర ఉన్నారు. ఇక్కడ ఆమె గొంతు చించుకుని అరిచినా అది ప్రదర్శనే.

తిరిగి పెద్దమ్మ ముందు కూలబడింది. ఆవిడ చేతులు పట్టుకుని కుదపబోయి ఆగింది. ఆ అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. వేళ్ల మధ్య తాటి నార పోగులు. తాడు గట్టిగా పట్టుకుని ఏదో బరువును కిందికి దించినవాళ్ల చేతులు అవి.

రోగుల గది వెనక నడవాలో నేలకు ఒక చెక్క తలుపు ఉంది. దాని కింద నేలమాళిగ. చూడవచ్చినవాళ్లు అటు పోకుండా ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. ఎందుకంటే పోటు వేళ సముద్రం పునాది రాళ్ల సందుల్లోంచి లోపలికి వచ్చేస్తుంది. లాంచీవాడి పెళ్లానికి పోటు వేళ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇది పోటు వేళే.

ఆమె నడవాలోకి పరుగెత్తింది. చెక్క తలుపు మీద ఇనుప గడియ. దానికి తాళం వేసి ఉంది, ఎప్పుడూ గుమ్మం పక్కన మేకుకు వేలాడే తాళంచెవి లేదు. తలుపు మీద చెవి ఆనించింది. కింద నీళ్ల గలగల తప్ప ఇంకేమీ వినిపించలేదు. గోళ్లు విరిగేలా పెకలించింది, కదల్లేదు. తాళంచెవి ఎక్కడుందో తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే. ఆ మనిషి కన్నతల్లికి చెప్పదు. చెప్పకూడదు. అది ఆవిడ పిల్లల్ని కాపాడే పద్ధతి.

మళ్లీ వచ్చి, తలగుడ్డ బిగించి కట్టుకుంది. గుమ్మం బయటికి పోయి, కబురు తెచ్చిన మనిషిలా లోపలికి వచ్చి నిలబడింది. పెద్దమ్మ నేర్పిన పలుకుబడే, పెద్దమ్మ నేర్పిన నిదానమే. ఆ నిదానం ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు ఇప్పటికీ తెలియదు.

"కాల్పులు ఆగాయి, పెద్దమ్మా. పిల్లల్ని పైకి తియ్యమని కెప్టెన్ గారు కబురు పంపారు."

పెద్దమ్మ చేతిలో మడత ఆగింది.

"నిజంగా ఆగాయా?"

"ఆగాయి. నువ్వే విను."

ఇద్దరూ విన్నారు. జనం కూడా ఊపిరి బిగబట్టారు. సముద్రం చప్పుడు, పక్షుల అరుపులు. ఫిరంగి లేదు.

"నా చిన్నదాన్ని కూడా తియ్యమన్నారా?"

ఆమె తలూపింది.

"అందర్నీ తియ్యమన్నారు పెద్దమ్మా."

పెద్దమ్మ చంటిపిల్లలా నవ్వింది. రొంటిన దోపుకున్న తాళంచెవి తీసింది. ఆమె చెయ్యి పట్టుకుని నడవాలోకి తీసుకెళ్లింది. ఇద్దరూ కలిసి తలుపు ఎత్తారు. కింద చీకటి, ఉప్పు నీళ్ల వాసన. తలుపు లోపలి అంచున ఉన్న గిలక మీదుగా దిగిన తాడు ఆ చీకటిలోకి పోయింది. పట్టుకుని లాగారు. ఆమె చేతులు చెమటకు జారిపోతుంటే, పెద్దమ్మే నిదానంగా, తొణక్కుండా, ఎన్నోసార్లు పిల్లల గంపలు లాగిన మనిషిలా లాగింది.

గంప పైకొచ్చింది. అడుగు నానిపోయి నీళ్లు కారుతోంది. లోపల పాప కట్టుగుడ్డల చుట్టల్లో, చెవుల నిండా దూదితో, పిడికిలి నోట్లో కుక్కుకుని కళ్లు విప్పి చూస్తోంది. వీపంతా తడి. ఆమెను చూడగానే పెదవి విరిచి అప్పుడు ఏడుపు అందుకుంది.

వెనక నడవా గుమ్మంలో జనం చప్పట్లు మోగాయి.

ఆమె పాపను గుండెలకు హత్తుకుని గోడకు చేరబడిపోయింది. పెద్దమ్మ ఇటు చూడలేదు. రెండు చేతులా తాడు పట్టుకుని, నేల తలుపు అంచున వంగి కిందికే చూస్తూ నిలబడింది.

"ఇంకో గంప ఉందమ్మా," అంది. "నా చిన్నది కిందే ఉంది. లాగు, లాగు."

వాళ్లిద్దరూ అక్కడే ఉండగా జనం ఇంకేదో చూడటానికి వెళ్లిపోయారు.

కెప్టెన్ గారికి ఆమే చెప్పింది. ఫిరంగి బండి పక్కన నిలబడి అంతా విన్నాడు. టోపీ తీశాడు. తరువాత మీసం కూడా పీకి జేబులో పెట్టుకున్నాడు. మీసం లేని ఆ మొహం చూస్తే ఎవరో పరాయి మనిషిలా ఉన్నాడు. వేషంలో లీనమైందన్నాను కదూ నేను అని తనలో తాను అనుకున్నట్టు అన్నాడు. ఒక దారి కూడా చెప్పాడు. పాపను ఇంకెక్కడైనా పెట్టుకునే ఏర్పాటు చేస్తాను, పెద్దమ్మను మాత్రం ఇక్కడే ఉండనిద్దాం, తను ఎవరో ఆవిడకు తెలిసేది ఈ గదిలోనే, ఇక్కడి నుంచి పంపించేస్తే ఆ కాస్తా పోతుంది అన్నాడు.

ఆ మాట నిజమని ఆమెకూ తెలుసు. సరే అని ఉంటే సరిపోయేది. పాప చంకలో ఉంది, ఒళ్లు ఇంకా తడిగానే ఉంది. రోజూ ఆ తాడు అవతలికి దూరి పెద్దమ్మ ఒళ్లో కూర్చునే, చూడవచ్చినవాళ్ల ఊరూపేరూ తెలియని పిల్లలు ఆమె కళ్ల ముందు తిరిగారు.

"రేపు ఫిరంగి పేలినప్పుడు ఎవరి పిల్ల ఆవిడ దగ్గరుంటుందో నాకేం తెలుసండీ?" అంది.

కెప్టెన్ గారు తల దించుకున్నాడు. పెద్దమ్మను పంపించడానికే ఒప్పుకున్నాడు.

భర్త ఆ సాయంత్రం లాంచీ కట్టేశాక విషయం విని, పాపను తీసుకుని ఇంటిదాకా తనే ఎత్తుకు నడిచాడు. అప్పటి నుంచి ఆమె భయపడితే నవ్వడం మాత్రం మానేశాడు.

పెద్దమ్మకు ఎవరున్నారని వెతికితే చెల్లెలి కూతురు ఒకతె తేలింది. బస్సులో సగం రోజు ప్రయాణం చేసేంత దూరపు ఊళ్లో, బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. కబురు అందగానే వచ్చింది. చెడ్డ మనిషి కాదు. బక్కపలచగా, నిద్ర చాలని కళ్లతో, వచ్చీ రాగానే పెద్దమ్మ కాళ్ల దగ్గర కూర్చుని చెప్పులు తొడిగింది. వేషం బట్టలు కోటకు అప్పగించి మామూలు బట్టల్లో నిలబడ్డ పెద్దమ్మ, అందరూ ఎరిగిన మనిషిలో సగానికి సగం తరిగిపోయినట్టుంది.

రేవులో వీడ్కోలు చెప్పడానికి ఆమె పాపను ఎత్తుకుని వెళ్లింది. పెద్దమ్మ ఆమెను గుర్తుపట్టలేదు. పాపను చూసి మాత్రం మొహం విప్పారింది.

"ఎంత ముద్దుగా ఉందో. ఒకసారి ఇలా ఇవ్వమ్మా," అని చేతులు చాచింది.

ఆమె ఇవ్వాలనే అనుకుంది. మనసులో ఇచ్చేసింది కూడా. కాళ్లు మాత్రం రెండడుగులు వెనక్కి వేశాయి. పెద్దమ్మ చాచిన చేతులను కాసేపు అలాగే ఉంచి, తరువాత నెమ్మదిగా దించి కొంగుకు తుడుచుకుంది. పిల్ల నిద్రకు వచ్చినట్టుంది, పడుకోబెట్టు అంది. చెల్లెలి కూతురు భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయింది.

మొదట్లో ఆమె ఫోను చేసేది. బాగానే ఉంది అని చెల్లెలి కూతురు చెప్పేది. ఇంకొంచెం తరచి అడిగితే అసలు సంగతి చెప్పి ఏడ్చింది. పొద్దున పనికి పోయేటప్పుడు బయట తాళం వేసుకుని పోతుందట, సాయంత్రం వచ్చి తీస్తుందట. తాళం వెయ్యకుండా వదిలితే ఆవిడ సముద్రం వెతుక్కుంటూ రోడ్డున పడిపోతోందట. కూడు వండి పక్కన పెడితే పెట్టినట్టే ఉంటోందట. ఎదురుగా ఒక మనిషి కూర్చుని తినమని చెబితేనే తింటుందట. ఏం చెయ్యను అక్కా, పని మానితే ఇద్దరం పస్తే అంది.

ఒకసారి వెళ్లి చూసి రావాలని పాపకు బట్టలు సర్దుకుని బస్టాండుకు పోయింది. బస్సెక్కింది, కిటికీ పక్కన కూర్చుంది. బయలుదేరబోతుండగా దిగిపోయింది. మళ్లీ ఆ చేతులు చాస్తే తన కాళ్లు ఏం చేస్తాయో తన మీద తనకే నమ్మకం లేకపోయింది. ఆ తరువాత ఫోను చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదని వచ్చింది. ఇప్పటికీ అదే వస్తోంది. రోగుల గదిలో ఇప్పుడు ఎవరో కొత్తమ్మాయి కూర్చుంటుంది. ఏడుస్తూ చెబుతుంది. జనం బాగుందంటారు.

ఆమె వెళ్లలేకపోతోంది. అందుకే ఇది చదివే మీకు ఒక మాట, చెల్లెలి కూతురు ఫోనులో చెప్పిన గుర్తులతో. మీ ఊరి పెద్ద బస్టాండు వెనక బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఉంటే, దాని గోడ వెంట పోయే సందులో చూడండి. ఇనుప మెట్లున్న మేడ ఒకటి ఉంటుంది, మెట్ల కింద ఇస్త్రీ బండి. పైన ఒక్క గదే. పగలు బయట తాళం ఉంటుంది, లోపల మనిషి ఉంటుంది. తాళం చూసి వెనక్కి తిరగకండి. మెట్లెక్కి కిటికీ దగ్గరికి వెళ్లండి. పెద్దమ్మా అని పిలవండి, ఆ పిలుపుకు పలుకుతుంది. పక్కన పెట్టిన గిన్నె మూత తీయమని చెప్పండి. ఆవిడ తినేదాకా కాసేపు అక్కడే నిలబడండి.